త్రాసు చెప్పు సత్యము: సూక్ష్మ తూనికలకు తగిన త్రాసును ఎన్నుకొను విధము

తెలుగు పాఠములు చెప్పువాడు త్రాసును గూర్చి వ్రాయనేల అని మీలో కొందరు అనుకొనవచ్చును. అందుకు కారణము మొదటనే చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా చెల్లెలి వివాహ సందర్భమున మా తల్లిగారు తమ రెండు తులముల గొలుసును మార్చి క్రొత్త నగ చేయింపదలచిరి. నేను ఆమె వెంట వెళ్ళితిని. మొదటి దుకాణములోని ఎలక్ట్రానిక్ కాటా ఆ గొలుసు బరువు 22.90 గ్రాములని చూపెను. మా తల్లిగారికి మనసొప్పలేదు. మరియొక దుకాణమునకు పోతిమి. అచటి వృద్ధ వర్తకుడు గొలుసును ముట్టుకొనుటకు ముందు ఒక చిన్న పెట్టె తెరచి, 20 గ్రాముల తూనికరాయిని పటకారుతో తీసి కాటాపై ఉంచెను. కాటా 20.00 అని చూపెను. ఆ తరువాతనే గొలుసును తూచెను. బరువు 23.31 గ్రాములు. భేదము 0.41 గ్రాము. పాత లెక్కన అది మూడు రత్తులకు పైమాట.

మొదటి వర్తకుడు మోసగాడని నేను అనజాలను. ఆయన కాటా ఆయననే మోసగించుచుండవచ్చును. కాని రెండవ వర్తకుడు చేసిన పని నా మనస్సున నిలిచిపోయినది. ఆయన వస్తువును తూచుటకు ముందు త్రాసును తూచెను. ఈ వ్యాసమున చెప్పదలచిన దంతయు ఆ ఒక్క పనికి వ్యాఖ్యానమే.

గింజలతో ఆరంభమైన తూనిక

మానవుడు సూక్ష్మమైన బరువులను మొదట గింజలతోనే తూచెను. మన కంసాలులు వాడిన రత్తి అనగా గురువింద గింజ. ఎనిమిది రత్తులు ఒక మాషము, పండ్రెండు మాషములు ఒక తులము. కావున తులమునకు 96 రత్తులు. తులము అను మాట తూచుట అను అర్థము గల సంస్కృత ధాతువు నుండి వచ్చినది. కోస్తా ప్రాంతమున మూడు తులములు ఒక పలము, నలువది పలములు ఒక వీశ, ఎనిమిది వీశలు ఒక మణుగు అని లెక్కించెడివారు. అరబ్బులు ఖీరాత్ అను గింజతో రత్నములను తూచిరి. ఆ మాటయే నేటి క్యారెట్. నేడు క్యారెట్ అనగా సరిగా 0.2 గ్రాము. ఐరోపా వారి గ్రెయిన్ అను మాటకు అర్థమే గింజ. అది ధాన్యపు గింజ బరువు.

ఈ లెక్కలు వేరువేరు దేశములవైనను ఒకచోట కలిసికొన్నవి. 1833లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము తులమును 180 గ్రెయిన్లుగా స్థిరపరచెను. నాటి రూపాయి నాణెము బరువును అదియే. నేటి మానమున తులము 11.6638 గ్రాములు. 1956లో భారత ప్రభుత్వము తూనికలు కొలతల ప్రమాణముల చట్టము చేసి మెట్రిక్ పద్ధతిని ప్రవేశపెట్టినది. తులము వ్యవహారమున మిగిలినది గాని చట్టమున మిగులలేదు.

గింజలన్నియు ఒకే బరువు నుండవు. ఎండిన గింజ వేరు, పచ్చి గింజ వేరు. అందుచేతనే గింజ పోయి లోహపు తూనికరాయి వచ్చినది. తూనికరాయికిని ప్రమాణము కావలెను గనుక ప్లాటినము, ఇరిడియముల మిశ్రమముతో కిలోగ్రాము మూలరూపమును నిర్మించి పారిస్ సమీపమున భద్రపరచిరి. దాని ప్రతులలో 57వ సంఖ్య గలది మన దేశమునకు వచ్చినది. అది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల యందున్నది. 2019 మే 20 నుండి కిలోగ్రాముకు ఆధారము లోహఖండము కాదు. ప్లాంక్ స్థిరాంకమను ప్రకృతి సంఖ్య. గింజ నుండి ప్రకృతి నియమము వరకు సాగిన ఈ ప్రయాణమంతయు ఒక్క ప్రశ్నకు సమాధానము వెదకుటయే: తూచు సాధనమును దేనితో తూచవలెను?

తుపాకి మందు తూనిక: ఒక తీవ్రమైన ఉదాహరణము

తూనికలో తప్పు జరిగిన సామాన్యముగా ధనము నష్టమగును. ప్రాణమే నష్టము కాగల తూనిక యొకటి కలదు. అమెరికాలో వేటగాండ్రు, గురి పోటీలలో పాల్గొనువారు అనేకులు పేలిన తూటాల ఇత్తడి తొడుగులను పారవేయక, వానిలో క్రొత్త ప్రైమరును, తుపాకి మందును, గుండును అమర్చి మరల వాడుకొందురు. ఆ దేశమున అది ఒక వ్యాసంగము. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట నేరము. కావున ఈ ఉదాహరణము అనుకరించుటకు కాదు, ఆలోచించుటకు మాత్రమే.

వారు మందును నేటికిని గ్రెయిన్లలోనే తూచెదరు. ఒక పౌనునకు 7000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు. మందు తయారుచేయువారు ప్రతి రకపు తూటాకు ఎంత మందుతో ఆరంభింపవలెనో, ఎంతకు మించరాదో పట్టికలు ప్రచురింతురు. పొగలేని మందు స్వభావ మేమనగా, కొలత పెరిగిన పాళ్ళలోనే గొట్టములోని ఒత్తిడి పెరుగదు, అంతకు మించి పెరుగును. హద్దు దాటిన తుపాకి పగిలి కాల్చువాని చేతిని, కన్నును బలిగొనవచ్చును. అందుచేత వారు గ్రెయిన్‌లో పదియవ వంతు వరకు, అనగా సుమారు 6.5 మిల్లీగ్రాముల వరకు సరిచూచుకొందురు.

ఇచట మూడు పాఠములు కలవు.

మొదటిది సాపేక్ష దోషము. 40 గ్రెయిన్లు తూచునప్పుడు 0.1 గ్రెయిన్ తప్పు నూటికి పావు వంతు మాత్రమే. 4 గ్రెయిన్లు తూచునప్పుడు అదే తప్పు నూటికి రెండున్నర వంతులు. వస్తువు చిన్నదైన కొలది అదే తప్పు పెద్దదగును.

రెండవది సాధనపు యోగ్యత. వంటయింటి కాటా 0.1 గ్రాము వరకు చూపిన చాలును. 0.1 గ్రాము అనగా 1.54 గ్రెయిన్లు. కావున ఆ కాటా ఈ పనికి పూర్తిగా పనికిరాదు. 0.01 గ్రాము చూపునదియు చాలదు, అది 0.15 గ్రెయిన్. 0.001 గ్రాము వరకు చూపు సాధనము కావలెను. ఏ త్రాసు మంచిది అను ప్రశ్నకు సమాధానము లేదు. ఏ పనికి మంచిది అను ప్రశ్నకే సమాధానము కలదు.

మూడవది ప్రమాణపు పేరు. అనేక ఎలక్ట్రానిక్ కాటాలపై ఒకే మీట నొక్కిన గ్రాములు, గ్రెయిన్లు, క్యారెట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చును. గ్రాము, గ్రెయిన్ అను వాని సంక్షిప్త అక్షరములు ఇంచుమించు ఒకటే. కాని ఒక గ్రాము 15.43 గ్రెయిన్లకు సమానము. అంకె సరియై ప్రమాణము తప్పినచో జరుగు ప్రమాదము ఇంతని చెప్పనలవి కాదు. పరీక్షలో ప్రమాణము వ్రాయక అంకె మాత్రమే వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించు అధ్యాపకుని నిర్దయుడని తలపకుడు.

మందుకును త్రాసునకును చరిత్రలో మరియొక సంబంధము కలదు. 1775లో ఫ్రెంచి ప్రభుత్వము తన తుపాకి మందు వ్యవహారములను చక్కదిద్దుటకు నియమించిన అధికారులలో లావోజియే ఒకడు. ఆయన పారిస్‌లోని ఆయుధాగారమునందే నివసించి, అచటనే తన ప్రయోగశాలను నెలకొల్పెను. ఆ కాలపు ఉత్తమ శిల్పులచే త్రాసులు చేయించుకొని, రసాయన చర్యకు ముందును తరువాతను పదార్థముల మొత్తము బరువు మారదని నిరూపించెను. ఆధునిక రసాయన శాస్త్రము మంచి త్రాసు పళ్ళెములో పుట్టినదని చెప్పిన అతిశయోక్తి కాదు.

సూక్ష్మత వేరు, నిలకడ వేరు, యథార్థత వేరు

త్రాసు కొనువారు చేయు పెద్ద పొరపాటు దశాంశ స్థానములను చూచి మురియుట. ఎన్ని అంకెలు చూపిన అంత ఖచ్చితమని భ్రమపడుదురు. సెకనుల ముల్లు గల గడియారము ఐదు నిమిషములు ముందు నడచుచున్నదనుకొనుడు. అది సెకనులు చూపును గాని సరియైన కాలము చూపదు. సెకనుల ముల్లు సూక్ష్మత. సరియైన కాలము యథార్థత.

ఈ రెంటి నడుమ నిలకడ అను గుణము కలదు. ఒకే వస్తువును పదిమారులు తూచినప్పుడు పదిమారులును ఒకే ఫలితము వచ్చిన ఆ త్రాసు నిలకడ గలది. నిలకడ యుండియు యథార్థత లేకపోవచ్చును. ప్రతిమారు ఒకే విధముగా తప్పు చెప్పవచ్చును. అట్టి దోషమును సవరింపవచ్చును. నిలకడయే లేని త్రాసును సవరించుటకు దారి లేదు. కావున ఎన్నికలో మొదట చూడవలసినది నిలకడ, పిదప యథార్థత, చివరకు సూక్ష్మత. అంగడిలో మనకు చూపబడు క్రమము దీనికి తలక్రిందులు.

రెండు జాతుల త్రాసులు

దండపు త్రాసు ఒక జాతి. సంస్కృతమున తుల, అరబ్బీలో మీజాన్, ఉర్దూలో తరాజూ. దండము నడుమ కత్తి అంచు వంటి మొనపై నిలుచును. ఇది తెలియని బరువును తెలిసిన బరువుతో పోల్చును. భూమ్యాకర్షణ రెండు పళ్ళెములపై సమానముగా పనిచేయును గనుక ఏ ఊరికి తీసికొనిపోయినను తీర్పు మారదు. విద్యుత్తు అక్కరలేదు. కాని మొనపై దుమ్ము పడిన, తేమకు త్రుప్పు పట్టిన మొండికెత్తును. దానికి నూనె పూయుట సేవ కాదు, అపకారము. నూనె దుమ్మును పట్టియుంచును. పళ్ళెములు సమము కానిచో తేలిక వైపున కట్టు చిన్న బరువును ఉర్దూలో పాసంగ్ అందురు. తెలుగువారును పాసంగము అనియే అనిరి.

ఎలక్ట్రానిక్ త్రాసు రెండవ జాతి. చవుకరకపు వానిలో బరువునకు ఒక లోహపు కడ్డీ అతి స్వల్పముగా వంగును. ఆ వంపు విద్యుత్ సంకేతముగా మారి అంకెలుగా కనబడును. ఖరీదైన ప్రయోగశాల త్రాసులలో విద్యుదయస్కాంత బలము పళ్ళెమును తన స్థానమునకు తెచ్చును. అందుకు కావలసిన విద్యుత్తును బట్టి బరువు తెలియును. రెండును కొలుచునది పళ్ళెముపై పడు బలమును. భూమ్యాకర్షణ త్వరణము భూమధ్యరేఖ వద్ద 9.780, ధ్రువముల వద్ద 9.832. నూటికి సుమారు అర వంతు భేదము. అందుచేత ఒక దేశమున సరిచేసి పంపిన ఎలక్ట్రానిక్ త్రాసు మరియొక చోట తూనికరాయితో మరల సరిచేయక పనికిరాదు. పెట్టె విప్పగానే తూచుటకు కూర్చొనుట తగదు.

దీనికి మరికొన్ని బలహీనతలు కలవు. స్విచ్చి వేసిన పిమ్మట కొంతసేపు వేడెక్కనిదే స్థిరపడదు. బ్యాటరీ క్షీణించిన మాట తడబడును. పంకా గాలి, చేరువనున్న సెల్‌ఫోను, ప్లాస్టిక్ పళ్ళెముపై పుట్టు స్థిర విద్యుత్తు దానిని కలవరపెట్టును. వేడి వస్తువును ఉంచిన, వేడిగాలి పైకి లేచుటచే బరువు తగ్గినట్లు చూపును; మూసను డెసికేటర్‌లో చల్లార్చి తూచుమని రసాయన శాస్త్రాధ్యాపకులు చెప్పుట ఇందుకే. చవుక కాటాలలో మరియొక చిక్కు కలదు. పొడిని కొంచెము కొంచెముగా రాల్చిన, ఆ స్వల్ప మార్పును సున్న జరుగుటగా భావించి కాటా లెక్కింపక పోవచ్చును. అట్టిచో పళ్ళెమును పైకెత్తి మరల ఉంచి చూడవలెను.

ఎన్నికకు సూత్రములు

ఒకటి: మొదట పనిని నిర్ణయింపుడు. ఎంత బరువు, ఎంత తప్పు సహింపవచ్చును అను రెండు అంకెలు కాగితముపై వ్రాసికొనుడు.

రెండు: త్రాసు చేయు దోషము మీరు సహింపగల తప్పులో నాలుగవ వంతునకు మించకుండవలెను.

మూడు: అవసరమునకు మించిన సామర్థ్యమును కోరకుడు. ఐదు కిలోల కాటా మూడు గ్రాములను న్యాయముగా తూచదు. త్రాసు ఫలకముపై గరిష్ఠ బరువుతో పాటు కనిష్ఠ బరువును వ్రాయబడును, దానిని చదువుడు.

నాలుగు: గాలి తగలకుండ గాజు కవచము, చదును చూచుటకు నీటిబుడగ, సరిచేయుటకు మరలు గల కాళ్ళు ఉన్నవో లేవో చూడుడు.

ఐదు: త్రాసుతో పాటు ధృవీకరింపబడిన తూనికరాళ్ళు కొనుడు. ఇవి లేని త్రాసు సాక్షి లేని వాఙ్మూలము వంటిది. వానిని చేతితో ముట్టరాదు. చెమట అంటి బరువు మారును.

ఆరు: క్రయవిక్రయములకు వాడు త్రాసైనచో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండవలెను. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టము క్రింద ఎలక్ట్రానిక్ త్రాసులను సంవత్సరమునకు ఒకసారి మరల పరీక్ష చేయించి ముద్ర వేయించుట విధి.

త్రాసును పరీక్షించు విధము

గురువింద గింజ తన నలుపు తానెరుగదని మన సామెత. ఒకప్పుడు బంగారమును తూచిన గింజ అదే కావున ఈ సామెత త్రాసునకు మరింత తగును. తన దోషము త్రాసు తాను చెప్పదు, మనమే అడుగవలెను.

ఎలక్ట్రానిక్ త్రాసును నాలుగు ప్రశ్నలు అడుగుడు. పళ్ళెము ఖాళీగా నుండగా సున్న చూపి అర్ధగంట నిలుచునా? ఒకే తూనికరాయిని పదిమారులు ఉంచిన ఒకే అంకె చూపునా? పళ్ళెము నడుమ నుంచినను అంచున నుంచినను భేదము లేకుండునా? మీరు తూచు బరువుకు దగ్గరనున్న తూనికరాళ్ళను యథార్థముగా చూపునా? 100 గ్రాముల వద్ద సరిగా నున్నదని 2 గ్రాముల వద్ద సరిగా నుండునని నమ్మరాదు.

దండపు త్రాసును పరీక్షించుట ఇంకను సులభము. వస్తువును ఒకమారు ఎడమ పళ్ళెమున, మరియొకమారు కుడి పళ్ళెమున ఉంచి తూచుడు. రెండు ఫలితములును ఒకటైన దండపు చేతులు సమము. కానిచో ఒక వింత చూడుడు. ఒక వైపున 8 గ్రాములు, మరియొక వైపున 12.5 గ్రాములు వచ్చినదనుకొందము. రెంటిని కూడి సగము చేసిన 10.25 వచ్చును; అది తప్పు. రెంటిని గుణించిన 100. దాని వర్గమూలము 10. అదియే నిజమైన బరువు. ఒక వైపున చేతుల నిష్పత్తి బరువును ఎంత తగ్గించునో, మరియొక వైపున అంతే పెంచును గనుక గుణకారమున దోషము కొట్టివేయబడును.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బోర్డా పేర ప్రసిద్ధమైన పద్ధతి మరియొకటి. వస్తువును ఒక పళ్ళెమున ఉంచి రెండవ దానిలో ఇసుక పోసి సమము చేయుడు. వస్తువును తీసి అదే పళ్ళెమున తూనికరాళ్ళు వేసి మరల సమము చేయుడు. ఆ రాళ్ళ మొత్తమే వస్తువు బరువు. చేతులు సమము కాకున్నను ఫలితము తప్పదు. బీద కళాశాలలోని పాత త్రాసుతోను, ఉపాయము తెలిసినవాడు సత్యమును రాబట్టగలడు.

జ్ఞానపు త్రాసు

త్రాసును పరీక్షింపవలెనను భావము క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము తూనికలను నాలుగు నెలలకు ఒకసారి పరీక్షించి ముద్ర వేయవలెనని విధించినది. పవిత్ర ఖుర్ఆన్‌లోని 83వ సూరాకు ముతఫ్ఫిఫీన్ అని పేరు. తూనికలోను కొలతలోను తగ్గించి ఇచ్చువారని దాని అర్థము. ఒక అధ్యాయమే ఆ దోషము పేర వెలసినదనిన దాని తీవ్రత గ్రహింపవచ్చును. ముస్లిం నగరములలో ముహ్‌తసిబ్ అను అధికారి అంగళ్ళ తూనికరాళ్ళను తనిఖీ చేసెడివాడు.

ఆ సంప్రదాయమున వెలసిన మహాశాస్త్రజ్ఞుడు అల్ ఖాజినీ. నేటి తుర్క్‌మెనిస్తాన్‌లోని మెర్వ్ నగరమున ఆయన బానిసగా పెరిగి, యజమాని చలువచే విద్యావంతుడయ్యెను. సుల్తాన్ సంజర్ కాలమున, హిజ్రీ 515లో, అనగా 1121 ప్రాంతమున, కితాబ్ మీజాన్ అల్ హిక్మా అను గ్రంథమును రచించెను. జ్ఞానపు త్రాసును గూర్చిన గ్రంథమని అర్థము. అందు వర్ణింపబడిన త్రాసు దండము నాలుగు మూరల పొడవు, పళ్ళెములు ఐదు. వస్తువును గాలిలోను నీటిలోను తూచి, బంగారమున వెండి కలిసినదో లేదో, రత్నము నిజమైనదో కాదో ఆయన తేల్చి చెప్పెను.

మనము గర్వింపవలసిన విషయమొకటి కలదు. ఈ అరబ్బీ గ్రంథమును హిజ్రీ 1359లో, అనగా 1940 ప్రాంతమున, మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా సంస్థ ముద్రించి ప్రకటించెను. తొమ్మిది శతాబ్దుల నాటి త్రాసు శాస్త్రమును పండితులకు అందించిన ఘనతలో మన నగరమునకును పాలు కలదు.

ముగింపు

కళాశాల కార్యవర్గ సభ్యులకు సవినయముగా ఒక మనవి. ప్రయోగశాలకు త్రాసు కొనునప్పుడు దశాంశ స్థానములను బట్టియు, తక్కువ ధరను బట్టియు నిర్ణయింపవలదు. ఒక స్థానము తగ్గినను సరే, మిగిలిన సొమ్ముతో ధృవీకరింపబడిన తూనికరాళ్ళ పెట్టె నొకటి కొనుడు. దాని ప్రక్కన ఒక పుస్తకము ఉంచి, ప్రతి వారము త్రాసును పరీక్షించిన తేదీ, ఫలితము విద్యార్థులచేతనే వ్రాయింపుడు. మన విద్యార్థులలో కొందరు రేపు మందుల దుకాణములలోను, నగల దుకాణములలోను, పరీక్షాశాలలలోను కూర్చొందురు. వారి కాటా ముందు ఏ తల్లియో తన గొలుసునో, తన బిడ్డకు కావలసిన ఔషధమునో పెట్టి వేచియుండును. ఆమెకు అంకెలు చదువ వచ్చునో రాదో మనకు తెలియదు.

విద్యార్థులారా! ఆ వృద్ధ వర్తకుడు ఏ కళాశాలలోను చదివినట్లు లేదు. అయినను అడుగకుండగనే పెట్టె తెరచి, ముందుగా తన త్రాసును మా కన్నుల ఎదుట పరీక్షకు నిలిపెను. మా తల్లిగారు ధర అడుగకనే ఆ దుకాణమున కూర్చొనిరి.